విద్యాశాఖ మంత్రి గారికి: మా బుధవారం సెమినార్ ఆపకండి

మంత్రి గారూ, నమస్కారం.

కంప్యూటర్‌కి మనుషుల భాష నేర్పే పని, అదే ఎన్‌ఎల్‌పీ, మీద మా యూనివర్సిటీలో ప్రతి బుధవారం సెమినార్ జరుగుతోంది. ఇక వారం వారం అక్కర్లేదు, ఆ డబ్బుతో ఏడాదికోసారి పెద్ద సదస్సు పెట్టుకోండని పైనుంచి కబురొచ్చింది. సదస్సంటే మాకు పడదని కాదు గానీ, అక్కడ ప్రశ్నలకు రెండు నిమిషాలు ఇస్తే గొప్ప.

మొన్నామధ్య ఒక రీసెర్చ్ స్కాలర్ తన మోడల్ ఫలితాలు చూపించాడు. స్లైడ్ మీద అంకెలు ధగధగా మెరిసిపోతున్నాయి. వెనక వరుసలోంచి ఒక ఎమ్మెస్సీ అమ్మాయి, "టెస్ట్ వాక్యాలు ట్రైనింగ్‌లో కూడా ఉన్నాయేమో చూశారా?" అంది. అంటే పరీక్ష ప్రశ్నలు మోడల్‌కి ముందే నేర్పేశారా అని. అతను అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి వెతికాడు. ఉన్నాయి, బోలెడు! పాపం, మొహం వాడిపోయింది. కానీ వాటిని తీసేసి మళ్లీ ట్రైన్ చేసి, పడిపోయిన అంకెతో వచ్చే బుధవారం తనే వచ్చి నిలబడ్డాడు.

ఇంకోసారి గంటసేపూ 'రాకపోయుండొచ్చు' అన్న ఒక్క మాట మీదే గడిచింది. రావడం, రాకపోవడం, అనుమానం అన్నీ అందులోనే ఇమిడిపోయాయి కదా. కంప్యూటర్‌లో అక్షరాల్ని అంకెలుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకీ దేనికది 3 బైట్లు, అంటే ఇలాంటివి 14 ఉన్న ఈ మాట 42 బైట్లు. బైట్ల లెక్కన మాటల్ని ముక్కలు చేసే మోడల్‌కి తెలుగు డేటా సరిగ్గా అందకపోతే ఈ ఒక్క మాటా ముక్కచెక్కలవుతుంది. ఎక్కడ విరిస్తే అర్థం నిలుస్తుందో వ్యాకరణం తెలిసినవాళ్లూ కోడ్ రాసేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కొట్లాడుకుంటేనే తేలుతుంది.

పెద్ద ప్రదర్శనల సంగతంటారా, 1954లో అమెరికాలో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ, ఐబీఎం కంపెనీ కలిసి కంప్యూటర్‌తో రష్యన్ వాక్యాలు అరవైకి పైగా ఇంగ్లిష్‌లోకి మార్చి చూపిస్తే, ఇంకో మూడు నుంచి ఐదేళ్లలో అనువాదం సమస్యే ఉండదన్నారు. తీరా లోపల ఉన్నవి 250 మాటలు, 6 వ్యాకరణ సూత్రాలు. 1966లో కంప్యూటర్ అనువాదం ఎంతవరకు వచ్చిందో చూడమని అక్కడి ప్రభుత్వం వేయించిన ఆల్పాక్ కమిటీ పెదవి విరిచాక అమెరికాలో ఆ పరిశోధనకి డబ్బు దాదాపు ఆగిపోయింది.

మేమడిగేది పెద్దదేమీ కాదండీ. ఆ గది, బయటినుంచి వచ్చేవాళ్లకి ప్రయాణ ఖర్చులు, రాలేనివాళ్ల కోసం రికార్డింగ్. భాషాశాస్త్రం వాళ్లని కూడా పిలవమని ఒక ముక్క రాసి పంపితే ఇంకా మంచిది, మేం పిలిస్తే వాళ్ల హెచ్‌ఓడీ పర్మిషన్ ఇవ్వట్లేదు.

ఆ అమ్మాయి వచ్చే బుధవారం తన పని తనే చెబుతానంది. గది మాత్రం ఇంకా ఖరారు కాలేదు.

ఇట్లు,
వెనక వరుసలో కూర్చునే ఒక లెక్చరర్