ధ్యానమా, దాక్కోవడమా?

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో ఉన్నదాన్ని ఉన్నట్టు గమనించే ధ్యానం) గురించి రాస్తూ, చెడు ఆలోచన రాగానే దాన్ని తరిమేసి శ్వాస మీదికి రమ్మన్నారు. చదివి ఉలిక్కిపడ్డాను. రెండేళ్లపాటు నేను వెలగబెట్టిన నిర్వాకం అదే.

పాత మిత్రుడి అప్పుకు షూరిటీ సంతకం పెట్టాను (లెక్కల మాస్టారినై ఉండి!). అతను కట్టడం మానేశాడు. బ్యాంకు నోటీసులు నాకు రావడం మొదలైంది. కవరు విప్పకుండా టీవీ కింద సొరుగులో పడేసి, చాప పరుచుకుని, ఫోన్‌లో వేణువు పెట్టుకుని అరగంట కళ్లు మూసుకునేవాణ్ని. లేచాక హాయిగానే ఉండేది. మాస్టారిది ఎంత నిబ్బరమో అనేవాళ్లు బంధువులు. రాత్రి రెండింటికి మాత్రం మెలకువ వచ్చేసేది. నాలుగో కవరు వచ్చిన రోజు మా ఆవిడ అడిగింది: "మీరు ధ్యానం చేస్తున్నారా, దాక్కుంటున్నారా?"

కోతిని తలుచుకోకుండా మందు తాగమంటే ఏమవుతుందో మనకు తెలిసిందే. 1987లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ బృందం దాన్నే ప్రయోగం చేసి చూసింది. అక్కడ కోతి బదులు తెల్ల ఎలుగుబంటి. వద్దన్నా అదే గుర్తొచ్చింది. ఇక తలుచుకోవచ్చు అన్నాక మరీ ఎక్కువగా వచ్చింది.

తర్వాత హైదరాబాద్ శివారున నాగార్జునసాగర్ రోడ్డులోని విపశ్యన ధ్యాన కేంద్రంలో పది రోజులు కూర్చున్నాను. నాలుగో రోజు దాటాక గంటసేపు కదలకుండా కూర్చోవాలి. మోకాలు పీకేస్తుంటే నొప్పి లేదనుకోమని ఎవరూ అనలేదు. ఎక్కడుందో, ఎలా ఉందో చూస్తూ ఉండమన్నారు. చూస్తుంటే అది ఒకేలా లేదు. పెరుగుతుంది, పక్కకు జరుగుతుంది, కాసేపు తగ్గి మళ్లీ వస్తుంది. 1979లో మసాచుసెట్స్‌లో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణకు వచ్చినవాళ్లలోనూ ఏళ్ల తరబడి నొప్పులు తగ్గనివాళ్లున్నారు. తరిమేస్తే పోయే నొప్పులైతే వాళ్లకు ఆ శిక్షణెందుకు?

శ్వాస మీదికి తిరిగి రావడం తప్పని అనను. వచ్చింది భయమేనని ఒప్పుకుని, ఒంట్లో ఎక్కడ పట్టేసిందో చూసుకుని మరీ రావాలి. నాకైతే పొట్ట పైభాగాన, పిడికిలంత. అది అక్కడ ఉండగానే ఒకరోజు సొరుగు తీశాను. అసలు కంటే, నేను చూడని రెండేళ్లకు పడిన వడ్డీయే ఎక్కువ ఏడిపించింది.

ఇప్పుడు పింఛనులోంచి నెలనెలా కడుతున్నాను. పోస్ట్‌మాన్ పిలిస్తే గుండె దడ ఇప్పటికీ తప్పదు. కవరు చదివాకే చాప పరుస్తున్నాను.

— విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, తెనాలి
(మిత్రుడి సంగతి ఉంది కనుక పేరు వేయవద్దని మనవి)