మా లారీ ఆఫీసు బల్ల మీద లాజిస్టిక్స్

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ ఉద్యోగాల పేజీలో లాజిస్టిక్స్ అంటే సరకు రవాణా అని రాశారు. గుంటూరులో ముప్పై ఒక్క ఏళ్లు లారీ ఆఫీసులో బుకింగ్ గుమస్తాగా చేసినవాణ్ణి, నాకు అక్కడే పేచీ.

యార్డులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎక్కించుకుని ఢిల్లీ పోవడం రవాణా. అది డ్రైవరు పని. అక్కడ దించాక ఆ బండికి తిరుగు లోడు ఎక్కడ దొరుకుతుంది, లేకపోతే ఖాళీగా రావాల్సిందేనా, హమాలీలు పండక్కి ఊళ్లకు పోతే దించేదెవరు, అందాకా సరుకు ఏ గోడౌన్లో ఉండాలి, ఇవన్నీ నా బల్ల మీదికొచ్చేవి. లాజిస్టిక్స్ అంటే ఇదీ. తిరుగు లోడు కోసం నాగపూర్‌కి ట్రంకాల్ బుక్ చేసి గంటలు గంటలు కాచుక్కూర్చునేవాళ్లం. తీరా లైను కలిసేసరికి లోడు ఇంకొకడు ఎత్తుకుపోయేవాడు.

ఒకసారి ఎల్.ఆర్., అంటే బండితో పంపే లారీ రసీదు, రాస్తుంటే కార్బన్ సరిగ్గా అంటలేదు. పై కాగితంలో 240 టిక్కీలు, కింది కాపీలో అది 210లా కనపడింది. చెక్‌పోస్టులో బండి రెండు రోజులు ఆపేశారు. సరుకుంది, డీజిలుంది, డ్రైవరున్నాడు. అరిగిపోయిన కార్బన్ ముక్క మార్చడానికి బద్ధకించింది నేను!

లాజిస్టిక్స్ అనే మాట అసలు సైన్యాలది. 1838లో జోమిని అనే స్విస్ సేనాని తన యుద్ధశాస్త్రంలో దళాలను నడిపించే పనిని ఈ పేరుతోనే వివరించాడు. అంతకు ఎంతో ముందే దక్కన్‌లో మన లంబాడీలు ఎద్దుల మందల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని మొగలు సైన్యాలకు అందించారు. వాళ్ల పనికి ఎవరూ పేరు పెట్టలేదు, అంతే. 1956లో అమెరికాలో మాల్కం మెక్‌లీన్ అనే లారీల వ్యాపారి 58 కంటైనర్లను ఓడకెక్కించి నెవార్క్ నుంచి హ్యూస్టన్ పంపాడు. రేవుల్లో మూటలు మోసే పని అక్కణ్ణుంచి తగ్గుతూ వచ్చింది. ఇక్కడ 2017 జులైలో జీఎస్టీతో పన్నుల చెక్‌పోస్టులు పోయాయి, మరుసటి ఏప్రిల్లో సరుకు వివరాలు కంప్యూటర్లోనే నమోదు చేసే ఈ-వే బిల్లు వచ్చింది. నా కార్బన్ కాగితాలకూ కాలం చెల్లింది. మంచిదే.

మా మనవరాలు శంషాబాద్ దగ్గర ఒక గోడౌన్లో ఈ లాజిస్టిక్స్ ఉద్యోగమే చేస్తోంది. ఏ లారీ ఎక్కడుందో ఫోన్లో చూపిస్తే ముచ్చటేసింది. వాళ్ల గేటు బయటే పదకొండు గంటలుగా ఒక చుక్క కదలకుండా ఉంది. "ఈ లారీవాడికి హాల్టింగ్, అదే ఆగినందుకిచ్చే డబ్బు, ఎంత కడతారమ్మా?" అనడిగాను.

"అది మా సిస్టంలో ఉండదు తాతయ్యా" అంది.

ఈసారి రాసినప్పుడు ఆ పదకొండు గంటల గురించి కూడా రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత బుకింగ్ గుమస్తా,
గుంటూరు