పదమూడో ఫారంలో ఉండాల్సిన సృష్టి

కోనసీమ,
గోదావరి వశిష్ఠ పాయలో, నీళ్ళ నడుమ ఉన్న ఒక లంక గ్రామం నుంచి.

ప్రచురణ సంస్థ నిర్వాహకులకు,

విషయం: మీ ఒంటికొమ్ము గుర్రాల కథామాలకు ముందుకథగా వచ్చిన తెలుగు పుస్తకం. కొన్న 12 ప్రతుల్లోనూ 193 నుంచి 208 దాకా పేజీలు లేకపోవడం గురించి, ముందుమాటలోని తప్పుల గురించి.

అయ్యా,

నేను ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన టీచర్ని. సాయంత్రం పూట మా వీధరుగు మీద లంక పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు పుస్తకాలు చదివిస్తుంటాను. మీ కథామాలలో ముందొచ్చిన మూడు భాగాలూ వీళ్ళు చదివేశారు. ఆ గుర్రాలు ఎక్కడి నుంచి వచ్చాయి, వాటికి ముందు లోకం ఎలా ఉండేది అన్నది చెప్పే పుస్తకం తెలుగులో వస్తోందని మీ ప్రకటన చూసింది మొదలు "ఎప్పుడొత్తాదండీ టీచరు గారూ" అని నా ప్రాణం తోడేశారు. ప్రతి 450 రూపాయల చొప్పున 12 ప్రతులకు 5,400 రూపాయలు ముందే కట్టాం. అందులో సగం పిల్లల తల్లులు డ్వాక్రా సంఘంలో చందాలు వేసుకున్నది, మిగతా సగం నా పింఛను. కొరియర్ వాళ్ళు లంకలోకి రారు. నేనే పంటు మీద ఏరు దాటి, అట్టపెట్టె తెచ్చుకున్నాను.

పుస్తకం బాగోలేదని రాయడం లేదు. మొదటి 192 పేజీలూ మమ్మల్ని కట్టిపడేశాయి. నేల లేదు, ఆకాశం లేదు, చీకట్లో నీళ్ళు మాత్రమే ఉన్నాయని మొదలవుతుంది కథ. ఆ పేజీ చదవగానే నాకు ఋగ్వేదం పదో మండలంలోని 129వ సూక్తం గుర్తొచ్చింది. అక్కడా అంతే, చీకటిని చీకటి కప్పి ఉంటుంది, ఆనవాలు తెలియని నీరు ఉంటుంది. ఆ నీళ్ళ మీద మీ రచయిత తెల్లటి ఆడగుర్రాన్ని నడిపించారు. ఆమెకు తోడు లేదు, నిలబడడానికి చోటు లేదు. పదిహేనో రోజు సాయంత్రం 192వ పేజీ చివర ఆమె మెడ వంచి కొమ్మును నీళ్ళలో ముంచింది. వాక్యం సగంలో ఉండగా పేజీ అయిపోయింది.

తిప్పితే మళ్ళీ 177వ పేజీ వచ్చింది. మరో ప్రతిలో చూశాం, అదే. పన్నెండూ చూశాం. అన్నింట్లోనూ 177 నుంచి 192 దాకా రెండుసార్లు ఉంది, తరవాత నేరుగా 209. అచ్చులో పదహారు పేజీల కట్టను ఒక ఫారం అంటారు, ఆ లెక్కన పన్నెండో ఫారం రెండుసార్లు పడింది, పదమూడోది అసలు పడలేదు. ఫారాలు పేర్చేటప్పుడు జరిగే పొరపాటే ఇది, నాకు తెలుసు. ఒక ప్రతిలో జరిగితే మనిషి పొరపాటు అనుకుని సర్దుకునేదాన్ని. పన్నెండింటిలోనూ జరిగిందంటే కుట్టుకు పంపే ముందు ఎవరూ ఒక్క పుస్తకమైనా తిప్పి చూడలేదు.

209వ పేజీ తెరిస్తే అప్పటికే నేల ఉంది, గడ్డి ఉంది, మనుషులు ఇళ్ళు కట్టుకుని ఉన్నారు. నేల ఎలా వచ్చిందో, ఆ గుర్రం ఏమైందో, రెండో గుర్రం ఎక్కడిదో అంతా పోయిన పేజీల్లోనే ఉంది. "లోకం పుట్టడం చూద్దామని వొచ్చాం కదండీ, పుట్టేశాక చూపిత్తన్నారేంటి" అని ఏడో తరగతి పిల్ల అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, పుస్తకం అందిన ఏడు రోజుల్లోగా చెప్పాలి, గడువు దాటిపోయింది అన్నారు. రోజుకు పన్నెండు, పదమూడు పేజీలు పైకి చదువుకునే పిల్లలకు 192వ పేజీ చేరడానికి రెండు వారాలు పడుతుంది. కొన్నవాళ్ళు మొదటి వారంలోనే పేజీలన్నీ లెక్కపెట్టుకోవాలని మీ నిబంధనలో ఎక్కడా లేదు. దాగి ఉన్న లోపానికి అందిన రోజు నుంచి గడువు లెక్కగట్టడం ధర్మం కాదు. మెయిల్ రాస్తే ప్రతికి వంద రూపాయల కూపన్ ఇస్తామన్నారు. ఆ రెండూ ఓర్చుకున్నాను. మూడోసారి ఫోన్ చేసినప్పుడు మీ ఉద్యోగి ఒకరు, ఆ పేజీలు లేకపోయినా కథ అర్థమవుతుందండీ అన్నారు. ఈ ఉత్తరం రాయించింది ఆ మాటే.

సృష్టికథ అని చెప్పి అమ్మిన పుస్తకంలో సృష్టి లేకపోయినా పరవాలేదని అమ్మినవాళ్ళే ఎలా అనగలిగారు? ఆ మాటన్న వారికి మా ఊరు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఈ పిల్లలకు నీళ్ళలోంచి నేల రావడం పుస్తకంలో చదివే వింత కాదు. వరద తీశాక ఏటి మధ్య ఒండ్రు మేట వేస్తుంది, దాని మీద తుంగ మొలుస్తుంది, కొన్నేళ్ళకు అక్కడే పశువులు మేస్తాయి. ఇంకో పక్క ఏటికోతకు కొబ్బరితోటలు వేళ్ళతో సహా కూలిపోతాయి. పై ప్రశ్న అడిగిన పిల్ల వాళ్ళ తాతగారి తోట సగం అలాగే ఏట్లో కలిసింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని ఇక్కడ మూడో తరగతి పిల్లలు కూడా ఎక్కాల్లాగా అప్పజెప్తారు. రెండో హెచ్చరిక దాకా వెళితే కాజ్‌వే కనబడదు, బడి ఉండదు, సామాను అటక మీదికి ఎక్కుతుంది. నేల ఎలా పుట్టింది, ఎందుకు పోతుంది, మళ్ళీ ఎవరు తెస్తారు అని నిజంగా అడిగే పిల్లలు వీళ్ళు. వాళ్ళకు మీరు ఆ పదహారు పేజీలే లేకుండా పంపారు.

ఇప్పుడు ముందుమాట సంగతి. దాని కింద ఎవరి పేరూ లేదు కాబట్టి సంస్థ మాటగానే తీసుకుంటున్నాను. "ఒంటికొమ్ము ప్రాణి మన పురాణాలకు తెలియదు, తెలుగు పిల్లలకు ఇది పూర్తిగా కొత్త లోకం" అని రాశారు. కథలో రచయిత ఏ కల్పన అయినా చేసుకోవచ్చు, దానికి నాకు అభ్యంతరం లేదు. ముందుమాట కల్పన కాదు. పిల్లలు దాన్ని నిజమని చదువుతారు.

పోతన గారి భాగవతం అష్టమ స్కంధం చివర మత్స్యావతార కథ ఉంది. సత్యవ్రతుడనే రాజు కృతమాల అనే ఏట్లో తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి చేపపిల్ల వస్తుంది. కమండలంలో వేస్తే పట్టదు, చెరువులో వేస్తే పట్టదు, చివరికి సముద్రంలో విడిచిపెట్టాలి. ప్రళయం వచ్చినప్పుడు ఓషధులూ విత్తనాలూ నావలోకి ఎక్కించుకుని, సప్తర్షులతో కలిసి ఆ రాజు బయల్దేరతాడు. ఆ నావను పెద్ద పామే తాడుగా ఆ చేప కొమ్ముకు కడతారు. ఒకే ఒక్క కొమ్ము! లోకం మళ్ళీ మొలకెత్తడానికి కావలసిన విత్తనమంతా ఆ కొమ్మును పట్టుకునే ప్రళయం దాటింది. భారతం శాంతిపర్వంలో విష్ణువు తనకు ఏకశృంగుడనే పేరు ఎందుకు వచ్చిందో తానే చెబుతాడు. పూర్వం ఒంటికొమ్ము వరాహమై భూమిని పైకెత్తాను, అందుకని ఆ పేరు అంటాడు. నీళ్ళలో మునిగిన నేల, ఒక కొమ్ము, పైకి తేవడం. మీ రచయిత గుర్రం చేసేదీ అదేనని నా అనుమానం, పేజీలుంటే తేలేది. ఇక తల మీద కొమ్ముతో పుట్టిన ఋశ్యశృంగుడి కథ ఉండనే ఉంది, వానలు లేని అంగదేశానికి ఆయన అడుగు పెట్టగానే వాన పడింది.

ఈ మత్స్యావతార కథ చెప్పిన రోజు ఒక పిల్లవాడు, "సప్తర్షులంటే మన గోదారి పాయల పేర్లోళ్ళే కదండీ" అన్నాడు. గౌతమి, వశిష్ఠ, భారద్వాజ, ఆత్రేయ అని ఏడు పాయలు లెక్కపెట్టే ఊళ్ళో పెరిగినవాడు. ఒంటికొమ్ముకు కట్టిన నావలో వెళ్ళినవాళ్ళ పేర్లే తమ ఏరుకు ఉన్నాయని వాడికి తట్టింది. అలాంటి వాడి చేతికి మీ వాళ్ళకిది తెలియదు అని అచ్చువేసి ఇచ్చారు మీరు.

పడమటి దేశాల సంగతి చూసినా మీ మాట నిలవదు. క్రీస్తుకు ముందు 400 ప్రాంతంలో పారశీక రాజు కొలువులో వైద్యుడిగా ఉన్న క్టీసియస్ అనే గ్రీకు ఆయన ఈ ఒంటికొమ్ము జంతువు గురించి రాశాడు. ఒళ్ళు తెలుపు, తల ముదురు ఎరుపు, నీలి కళ్ళు, కొమ్ము మొదట తెల్లగా, మధ్యలో నల్లగా, కొసన ఎర్రగా ఉంటుందని, ఆ కొమ్ముతో చేసిన గిన్నెలో తాగితే విషం ఎక్కదని వర్ణించాడు. ఆ జంతువు ఎక్కడుందని రాశాడో తెలుసా అండీ? భారతదేశంలో. ఆయన మన ఖడ్గమృగం గురించి చెప్పుడు మాటలు విని రాశాడని పండితులు చాలామంది అంటారు. అంటే ఆ గుర్రం ఐరోపా ఊహలోకి మన దేశం పేరు చెప్పుకునే వెళ్ళింది.

వెనక అట్ట మీద "హరప్పా ముద్రల మీది గుర్రం" అని వేశారు. ఆ ముద్రల మీద ఎక్కువగా కనబడే ఒంటికొమ్ము జంతువు గుర్రం కాదు. దాని ఒడ్డూ పొడుగూ, గిట్టలూ, తోకా చూస్తే పశుజాతి అని తెలుస్తుంది, మెడ ముందు ఒక దిమ్మె లాంటిది కూడా ఉంటుంది. పిల్లలకు ఆ బొమ్మ చూపిస్తే "ఇది గిత్తండీ" అని వెంటనే అన్నారు.

అనువాదం గురించి ఒక్క మాట. మొదటి మూడు భాగాల్లో ఒంటికొమ్ము అన్న చక్కటి మాట వాడారు. ఇందులో ఒకచోట యూనికార్న్, ఒకచోట ఏకశృంగి, ఇంకోచోట కొమ్ముగుర్రం అని ఉంది. మూడూ వేరువేరు జంతువులేమో అని చిన్నవాళ్ళు తికమకపడ్డారు. పాత మాటే ఉంచండి. (1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో యూనికార్న్ అన్నచోట తెలుగు బైబిల్లో గురుపోతు, అంటే అడవిదున్న, అని ఉంటుంది. మా దగ్గర చదువుకునే ఒక అమ్మాయి వాళ్ళ నాన్న పాస్టరు గారు, ఆ అమ్మాయే ఇది పట్టుకొచ్చి చూపించింది. ఎంత బలమైన మాటో చూడండి. మన భాషలో మాటలకు కొరత లేదు.)

మాకు కావలసింది ఇది. అన్ని పేజీలూ ఉన్న 12 ప్రతులు మీ ఖర్చుతో పంపాలి. కూపన్లు వద్దు. ఆ ముద్రణలో మిగతా ప్రతులు కొన్నవాళ్ళకు కూడా లోపం గురించి మీరే తెలియజేయాలి, ఎవరు ఫోన్ చేసి పోట్లాడితే వాళ్ళకే ఇస్తామనకూడదు. తరవాతి ముద్రణలో ముందుమాటా వెనక అట్టా దిద్దాలి. దిద్దడానికి సాయం కావాలంటే పద్యాలు, పర్వాల వివరాలతో సహా రాసి పంపుతాను, డబ్బేమీ అక్కర్లేదు. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయిస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్ళు తామున్న చోటే కేసు వేసుకోవచ్చు, మీ ఊరికి రానక్కరలేదు. బిల్లు, డబ్బు కట్టిన రసీదు, 192, 177, 209 పేజీలు పక్కపక్కన పెట్టి తీసిన ఫొటోలు దీంతో జతచేశాను.

ప్రతులు కొరియర్‌లో కాకుండా స్పీడ్ పోస్టులో పంపండి. ఏటికి ఎర్రనీరు వచ్చింది, పంటు ఏ రోజు తిరుగుతుందో ఏ రోజు ఆగుతుందో చెప్పలేం. పోస్ట్‌మ్యాన్ గారు మాత్రం నాటు పడవ మీదైనా తెస్తారు.

పాత ప్రతులు వెనక్కి పంపమని మీ మెయిల్‌లో అడిగారు. ఒకటి పంపుతాను, మీ అచ్చాఫీసు వాళ్ళకు చూపించుకోండి. మిగతా పదకొండూ ఇవ్వలేను. రెండోసారి పడిన పన్నెండో ఫారం మీద పిల్లలు తెల్లకాగితాలు అంటించి, పోయిన కథ తామే రాసుకున్నారు. పడవ నడిపే వాళ్ళ అబ్బాయి ప్రతిలో ఆ గుర్రం కొమ్మును గడకర్రలాగా దింపి లోతు చూస్తుంది, అడుగు తగిలిన చోట ఒండ్రు పైకి లేచి మొదటి లంక అవుతుంది. తాతగారి తోట ఏట్లో పోయిన పిల్ల ప్రతిలో గుర్రం నేలను తేవడమే కాదు, అది మళ్ళీ జారిపోకుండా రాత్రంతా కొమ్ముతో ఆపి నిలబడుతుంది. అది తెల్లారేదాకా అలాగే నిలబడిందని రాసి, ఇంకా పూర్తి చేయలేదు. మీ ప్రతులు వచ్చాక మీ రచయిత ఏం రాశారో చూసి అప్పుడు ముగిస్తానంటోంది.

ఇట్లు,
లంక పిల్లల తరఫున,
రిటైర్డ్ టీచరు