మోర్స్ కోడ్ పట్టిక వేయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. చిన్న, పెద్ద శబ్దాలతో అక్షరాలు పంపే మోర్స్ కోడ్ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో, ముఖ్యంగా పిల్లల పేజీల్లో, ఇంగ్లిషు అక్షరాల పక్కన చుక్కలూ గీతలూ పెట్టి ఒక పట్టిక వేస్తుంటారు. ఉద్దేశం మంచిదే. కానీ మోర్స్ మీద ఆసక్తి పుట్టినవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఆ పట్టికను బట్టీ పట్టడం వల్లే. దీనికి తోడు హామ్ రేడియో (ఔత్సాహికులు లైసెన్సు తీసుకుని సొంతంగా నడిపే రేడియో) అంటే డబ్బున్నవాళ్ల సరదా అన్న మాట ఒకటి ప్రచారంలో ఉంది. ఈ రెండింటి గురించీ కాస్త వివరంగా రాస్తున్నాను.

పట్టికతో నేర్చుకున్నవారి బుర్రలో ఏం జరుగుతుందో చూడండి. ‘డాడిడా’ అని వినపడుతుంది (చుక్కని ‘డి’ లేదా ‘డిట్’ అనీ, గీతని ‘డా’ అనీ పలుకుతారు). దాన్ని ముందు గీత, చుక్క, గీత అని మార్చుకోవాలి. తర్వాత మనసులో ఉన్న పట్టికలో వెతకాలి. అప్పుడు ‘కె’ అని రాయాలి. నిమిషానికి 5 పదాల వేగం వరకూ ఈ పద్ధతి నడుస్తుంది. 10 పదాలకి వచ్చేసరికి వెతకడానికి సమయం చాలదు. ఒక అక్షరం కోసం తడుముకుంటుండగానే తర్వాతి రెండూ వెళ్లిపోతాయి. ఎంత సాధన చేసినా అక్కడి నుంచి కదలరు. అంతేకాదు, కాగితం మీద ఒకదానికొకటి తిరగేసినట్టుండే ఏ-ఎన్, డి-యు, బి-వి, ఎఫ్-ఎల్, క్యూ-వై జంటలు పట్టికతో నేర్చుకున్నవాళ్లని ఏళ్ల తరబడి వేధిస్తాయి. చెవితో నేర్చుకున్నవారికి ‘డిడిడాడిట్’, ‘డిడాడిడిట్’ ఏమాత్రం పోలిక లేని రెండు శబ్దాలు.

దీని వెనక చిన్న లెక్క ఉంది. మోర్స్ వేగాన్ని ‘పారిస్’ అనే పదంతో కొలుస్తారు. అక్షరాలూ ఖాళీలూ కలిపి అది 50 చుక్కల కాలం. 1200ని నిమిషానికి పదాల సంఖ్యతో భాగిస్తే ఒక చుక్క ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 5 పదాల వేగంలో చుక్క 240 మిల్లీసెకన్లు, 20 పదాల వేగంలో 60. గీత మూడు చుక్కలంత. అక్షరం లోపలి ఖాళీ ఒక చుక్కంత, అక్షరాల మధ్య మూడు, పదాల మధ్య ఏడు. 240 మిల్లీసెకన్ల చుక్కల్ని ఎవరైనా లెక్కపెట్టగలరు, అందుకే లెక్కపెట్టే అలవాటు పడిపోతుంది. 60 మిల్లీసెకన్ల చుక్కల్ని లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు, అక్షరమంతా ఒక్క శబ్దంగానే చెవిన పడుతుంది. కాబట్టి మొదటి రోజు నుంచే అక్షరాన్ని 20 పదాల వేగంలో వినాలి. కొత్తవాళ్లు కదా అని అక్షరాన్నే సాగదీసి వినిపించడం వాళ్లకి చేసే అపకారం.

జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త లుడ్విగ్ కోఖ్ 1930లలో రూపొందించిన పద్ధతి ఇదే. ఇప్పుడు ఉచితంగా దొరికే శిక్షణ ప్రోగ్రాములు చాలావరకు దాన్నే అనుసరిస్తాయి. రెండే అక్షరాలతో మొదలు, సాధారణంగా కె, ఎం. పూర్తి వేగంలో అయిదేసి అక్షరాల గుంపులుగా అయిదు నిమిషాలు విని రాయాలి. నూటికి తొంభై సరిగ్గా వస్తేనే మూడో అక్షరం. తర్వాత ఆర్, ఎస్, యు, ఇలా ఒక్కొక్కటే చేరుతుంది. కొత్తది చేరిన రోజు మార్కులు పడిపోవడం మామూలే. మొదట్లో ఊపిరాడకపోతే అక్షరం వేగం 20 దగ్గరే ఉంచి మధ్య ఖాళీలు మాత్రం పెంచుకోవచ్చు, దీన్ని ఫార్న్స్‌వర్త్ అమరిక అంటారు. అలవాటయ్యేకొద్దీ ఖాళీలు తగ్గించాలి. రోజుకి ఒకే గంట కూర్చోవడం కన్నా పదిహేను నిమిషాల చొప్పున రెండు సార్లు వినడం మేలు, అలసిన చెవికి కొత్త శబ్దం ఎక్కదు. అక్షరం జారిపోతే అక్కడ గీత పెట్టి ముందుకి పోవాలి. పోయినదాన్ని గుర్తు తెచ్చుకోవాలని ఆగితే మరో మూడు పోతాయి. ఈ వదిలేయడం నేర్చుకోవడం అక్షరాలు నేర్చుకున్నంత ముఖ్యం.

అందువల్ల నా విజ్ఞప్తి: పట్టిక స్థానంలో ఒక క్యూఆర్ కోడ్ వేయండి. స్కాన్ చేస్తే కె, ఎం శబ్దాలు 20 పదాల వేగంలో వినిపించేలా చూడండి. రెండు అక్షరాలు చాలు. పిల్లలు చెవితో మొదలుపెడతారు.

మోర్స్ పంపడం మాత్రం, సగం అక్షరాలైనా చెవికి పట్టాక మొదలుపెట్టడం మంచిది, అప్పటికి సరైన లయ ఏదో చెవికి తెలుస్తుంది. కొత్తవాళ్లు చుక్కల్లో, గీతల్లో చేసే తప్పులు తక్కువ. ఎక్కువగా తప్పేది ఖాళీల్లోనే. ‘ఏ’, ‘ఎన్’ మధ్య మూడు చుక్కల విరామం ఇవ్వకపోతే అవతలివాళ్లకి వినపడేది ‘పి’. హ్యాక్‌సా బ్లేడు ముక్క, చెక్కపలక, రెండు ఇత్తడి స్క్రూలతో పనికొచ్చే కీ (సంకేతం పంపడానికి నొక్కే మీట) తయారవుతుంది. కాంటాక్టుల మధ్య ఎడం మందపాటి కాగితమంత ఉంటే చాలు, ఎక్కువైతే మణికట్టు అలసిపోయి గీతలు కుదించుకుపోతాయి. చుక్కలూ గీతలూ దానంతటదే తూచి పంపే కీయర్ ఇప్పుడు మనమే జోడించుకునే చాలా రేడియో కిట్లలో లోపలే ఉంటుంది, దానికి ప్యాడిల్ (ఒక వైపు చుక్కకి, మరో వైపు గీతకి నొక్కే మీట) కావాలి. ప్యాడిల్ జాక్‌లో స్టీరియో ప్లగ్ పెట్టాలి: సాధారణంగా కొన చుక్క, మధ్య రింగు గీత, కింది భాగం గ్రౌండు. అక్కడ మోనో ప్లగ్ పెడితే రింగు గ్రౌండుకి తగిలి, రేడియో ఆన్ చేయగానే ఆగకుండా గీతలు వెళ్తాయి. రేడియో పాడైందనుకుని విప్పేసేముందు ప్లగ్ చూడండి.

ఇక డబ్బున్నవాళ్ల సరదా అన్న మాట, సామగ్రి సంగతి. 2003లో ప్రపంచ రేడియో కమ్యూనికేషన్ సదస్సు హెచ్‌ఎఫ్ (దూరాలకి వెళ్లే షార్ట్‌వేవ్) లైసెన్సుకి మోర్స్ పరీక్ష పెట్టాలా వద్దా అన్నది ఆయా దేశాలకే వదిలేసింది, చాలా దేశాలు తీసేశాయి. పరీక్ష పోయినా మోర్స్ పోలేదు. కారణం లెక్కలోనే ఉంది. 100 వాట్ల నుంచి 5 వాట్లకి దిగితే నష్టం 13 డెసిబెల్స్, అవతలి రిసీవర్‌లో సంకేత బలం చూపే మీటరు మీద రెండు గీతలకి (ఎస్-యూనిట్లకి) కొంచెం ఎక్కువ. మాట పంపే సింగిల్ సైడ్‌బ్యాండ్‌కి రిసీవర్‌లో 2400 హెర్ట్జ్ వెడల్పు కావాలి, మోర్స్‌కి 240 హెర్ట్జ్ ఫిల్టర్ సరిపోతుంది. వెడల్పు పదో వంతైతే లోపలికొచ్చే రొదా పదో వంతే, అంటే 10 డెసిబెల్స్ లాభం. 100 వాట్ల మాటకీ 5 వాట్ల మోర్స్‌కీ చివరికి మిగిలే తేడా 3 డెసిబెల్స్. 5 వాట్లు, అంతకన్నా తక్కువతో చేసే ఈ పనినే క్యూఆర్‌పీ అంటారు. మాట పంపే ట్రాన్స్‌మిటర్ కన్నా మోర్స్ ట్రాన్స్‌మిటర్‌లో భాగాలు బాగా తక్కువ కాబట్టి ఖర్చూ తగ్గుతుంది.

కొత్తవాళ్లు ముందు కొనేది పిక్సీ కిట్. రెండు ట్రాన్సిస్టర్లు, ఒక ఎల్‌ఎం386 ఆడియో చిప్, ఎక్కువగా 7.023 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, చిన్న బోర్డు. సోల్డరింగ్ నేర్చుకోవడానికి బాగుంటుంది. దాంతోనే ఖండాలు దాటొచ్చని ఆశపడితే మాత్రం నిరాశే. పవర్ అర వాటు అటూ ఇటూ. ఫ్రీక్వెన్సీ దాదాపు కదలదు, ఆ చోట క్యూఆర్‌పీ వాళ్లు పెద్దగా వినరు కూడా. ఎక్కువమంది వినేది 7.030 దగ్గర, ఆ క్రిస్టల్ దొరికితే మార్చేయండి. రిసీవర్ ముందు సరైన ఫిల్టర్ లేనందువల్ల రాత్రిళ్లు ప్రసార కేంద్రాల పాటలు మోర్స్ మీద పడతాయి. చవక అడాప్టర్‌తో నడిపితే హమ్ వస్తుంది, బ్యాటరీ పెడితే పోతుంది. చిన్న 9 వోల్టుల బ్యాటరీ మాత్రం వద్దు. కీ నొక్కగానే దాని వోల్టేజి కుంగుతుంది, దాంతో ఫ్రీక్వెన్సీని పుట్టించే ఆసిలేటర్ జారి సంకేతం పిట్ట కూతలా వంకర తిరుగుతుంది. దీన్నే చర్ప్ అంటారు.

పిక్సీలో నాకు అసలు నచ్చనిది బయటికి వెళ్లే సంకేతం. హార్మోనిక్‌లను (అసలు ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతల దగ్గర పుట్టే అనవసర సంకేతాలను) ఆపాల్సిన ఫిల్టర్ అందులో నామమాత్రం. 7.030 రెండో హార్మోనిక్ సరిగ్గా 14.060, అది 20 మీటర్ల బ్యాండ్‌లో క్యూఆర్‌పీ వాళ్లు కలుసుకునే చోటు. హార్మోనిక్‌లు అసలు సంకేతం కన్నా కనీసం 43 డెసిబెల్స్ కింద, అంటే ఇరవై వేలో వంతుకి మించకుండా ఉండాలని అమెరికా నిబంధన. చవక సామగ్రి అన్న సాకు ఇక్కడ పనికిరాదు. బయట ఏడు భాగాల లో-పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) ఒకటి చుట్టుకోవాలి. 40 మీటర్ల బ్యాండ్‌కి, అంటే ఈ 7 మెగాహెర్ట్జ్‌కి, నాలుగు కెపాసిటర్లు: రెండు చివర్లా 270 పికోఫారడ్‌లు, మధ్యలో రెండు 680లు. అన్నీ సీ0జీ రకమే కావాలి, మామూలు సెరామిక్ కెపాసిటర్లు వేడెక్కి విలువ మారిపోతాయి. తీగ చుట్టుకునే పసుపు రంగు టీ37-6 టొరాయిడ్‌లు (రింగులు) మూడు: చివరి రెండింటికీ 21 చుట్లు, మధ్యదానికి 24.

కిట్లు పనిచేయకపోవడానికి మొదట అనుమానించాల్సింది ఈ టొరాయిడ్‌లనే. తీగ రింగు మధ్యలోంచి ఒకసారి వెళ్తే అది ఒక చుట్టు. బయటి వైపు లెక్కపెట్టేవాళ్లు ఒకటి తప్పుతారు. రెండోది ఎనామిల్. రాగి రంగులోనే ఉండే ఆ పూత పైన సోల్డర్ పోస్తే చూడటానికి మెరుస్తూ అతుక్కున్నట్టే ఉంటుంది, లోపల కరెంటు పారదు. తీగ చివర్లు బ్లేడుతో అన్ని వైపులా గీకి, ముందుగానే సోల్డర్ పూసి, బోర్డులో పెట్టాక మల్టీమీటర్‌తో ఈ కాలు నుంచి ఆ కాలుకి సున్నా ఓమ్‌లు వస్తుందో లేదో చూడాలి. తీగ మీద కాకుండా బోర్డు మీది సోల్డర్ బిందువు మీద ప్రోబ్ పెట్టి చూస్తేనే ఆ పరీక్షకి విలువ.

యాంటెన్నా తగిలించేముందు డమ్మీ లోడ్ (పరీక్షల కోసం యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) చేసుకోండి. 1 కిలో ఓమ్, పావు వాటు రెసిస్టర్లు ఇరవై సమాంతరంగా కలిపితే 50 ఓమ్‌లు, 5 వాట్లు. వైరు చుట్టిన రకం రెసిస్టర్లు వద్దు, వాటిలో కాయిల్ గుణం ఉంటుంది. దాని మీద 1ఎన్4148 డయోడ్, 10 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టి డీసీ వోల్టేజి కొలవండి. వచ్చినదానికి 0.6 కలిపి, వర్గం చేసి, వందతో భాగిస్తే వాట్లు. మీటరు సుమారు 21.8 చూపిస్తే 5 వాట్లు వస్తున్నట్టు.

పిక్సీతో చేయి తిరిగాక క్యూసీఎక్స్ తరహా ఒకే బ్యాండ్ 5 వాట్ల కిట్‌కి వెళ్లడం ఉత్తమం. ఫిల్టర్లూ కీయర్ లోపలే ఉంటాయి. అందులో పవర్ ఇచ్చే మూడు బీఎస్170 ట్రాన్సిస్టర్లు సున్నితం. యాంటెన్నా సరిగా లేనప్పుడు కీ నొక్కి పట్టుకుంటే మాడిపోతాయి.

మిగిలిన డబ్బూ శ్రమా యాంటెన్నాకే పెట్టాలి. డైపోల్ (రెండు రెక్కల తీగ యాంటెన్నా) పొడవు మీటర్లలో కావాలంటే 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 7.030కి 20.34 మీటర్లు, ఒక్కో రెక్క 10.17. కానీ 10.5 కోసుకుని పైకెత్తి కొలవండి, ఎక్కువున్నది కత్తిరించొచ్చు. రెండు రెక్కల నుంచీ పదేసి సెంటీమీటర్లు తీస్తే రెజొనెన్స్ (తీగ బాగా పలికే ఫ్రీక్వెన్సీ) సుమారు 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. ఎనిమిది, పది మీటర్ల ఎత్తులో కట్టిన తీగ నుంచి సంకేతం ఎక్కువగా నిటారుగా పైకెళ్లి తిరిగి దిగుతుంది, పగటిపూట కొన్ని వందల కిలోమీటర్ల లోపు బాగా వినిపిస్తుంది. చివర నుంచి ఫీడ్ చేసే అర్ధతరంగ తీగ కట్టడానికి సులువే, 49:1 ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 5 వాట్ల దగ్గరే ఆ చివర 110 వోల్టులుంటుంది, పిల్లల చేతికందని ఎత్తులో కట్టండి.

లైసెన్సు, కాల్‌సైన్ (స్టేషన్‌కి ఇచ్చే గుర్తింపు పేరు) లేకుండా ప్రసారం చేయకూడదు. పరీక్ష అయ్యేదాకా వినడానికి నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం వెబ్‌ఎస్‌డీఆర్ అనే రిసీవర్ ఉంది, ఇంటర్నెట్‌లో 29 మెగాహెర్ట్జ్ వరకూ వినొచ్చు.

ప్రసారం మొదలుపెట్టాక అందరినీ తికమకపెట్టేది ఒకటుంది. పిక్సీలో ఉండేలాంటి చవక డైరెక్ట్ కన్వర్షన్ రిసీవర్‌లో ఒకే స్టేషన్ రెండు చోట్ల వినిపిస్తుంది. డయల్ మెల్లగా తిప్పితే శబ్దం సన్నగా మొదలై, బొంగురుపోయి, సున్నా అయి, మళ్లీ సన్నబడుతుంది. రెండు పక్కల్లో ఒకటే సరైనది. తప్పు పక్క నిలబడి జవాబిస్తే, సైడ్‌టోన్ (పంపేటప్పుడు మీకు వినిపించే శబ్దం) 700 హెర్ట్జ్ అయిన రేడియోలో మీ సంకేతం 1400 హెర్ట్జ్ అవతల పడుతుంది. అవతలి ఫిల్టర్ దాన్ని వినిపించదు. పవర్ చాలలేదని అనుకునేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. డమ్మీ లోడ్ మీద ప్రసారం చేస్తూ పక్కన మరో రిసీవర్‌లో చూస్తే సరైన పక్క ఏదో తేలిపోతుంది.

సంకేతం ఎక్కడిదాకా వెళ్తోందో రివర్స్ బీకన్ నెట్‌వర్క్ చెబుతుంది. ముందు ‘క్యూఆర్‌ఎల్?’ అని ఆ చోటు ఖాళీయో కాదో అడిగి, సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) మూడుసార్లు, డీఈ (‘నుంచి’ అని అర్థం), కాల్‌సైన్ రెండు మూడు సార్లు స్పష్టమైన ఖాళీలతో పంపండి. మనుషుల్లేని రిసీవర్లు దాన్ని చదివి, ఎన్ని డెసిబెల్స్‌తో, ఏ వేగంలో విన్నాయో చూపిస్తాయి. అక్కడ మీ కాల్‌సైన్ కనిపించకపోతే ముందు ఖాళీలు, తర్వాత యాంటెన్నా చూసుకోండి. కనిపిస్తున్నా ఎవరూ పలకకపోతే సీక్యూ ఆపి, గట్టిగా వినిపిస్తున్న ఎవరి సీక్యూకైనా వాళ్లు పంపే వేగంలోనే జవాబివ్వండి. గట్టిగా వినిపించే స్టేషన్‌కి 5 వాట్లు అందే అవకాశం ఎక్కువ, పైగా వాళ్లు అప్పటికే జవాబు కోసం చెవి పెట్టి ఉంటారు.

ఇట్లు,
ఒక హామ్ రేడియో ఆపరేటర్