చట్టం చేసేముందు ఆడేవాళ్లనూ అడగండి: ఐటీ, శాసనసభా వ్యవహారాల మంత్రికి మిర్యాలగూడ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఐటీ, శాసనసభా వ్యవహారాల శాఖల మంత్రి గారికి,

నమస్కారం.

నేను మిర్యాలగూడ నియోజకవర్గపు ఓటరును. 2019 నుంచి ఆరేళ్లు బెంగళూరులో ఉద్యోగం చేసి ఇంటికి తిరిగి వచ్చాను. అక్కడ ఉన్నన్నాళ్లూ శని, ఆదివారాల్లో ఆన్‌లైన్‌లో పోకర్ అనే పేకాట ఆడేవాణ్ణి, డబ్బు పెట్టే ఆడేవాణ్ణి. 2021 అక్టోబరులో కర్ణాటక చట్ట సవరణ చేసి ఆ ఆటలను నిషేధించినప్పుడు మానేశాను. 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు ఆ సవరణను కొట్టివేశాక మళ్లీ మొదలుపెట్టాను. దసరాకు, సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు మాత్రం, ఇక్కడి చట్టం ఒప్పుకోదు కనుక, ఆ యాప్ జోలికి పోయేవాణ్ణి కాదు. 2023 ఏప్రిల్ నుంచి నికరంగా గెలిచిన సొమ్ములో 30 శాతం పన్నుగా మినహాయించారు, ఆ లెక్క నా రిటర్నులో ఉంది. ఈ వివరాలన్నీ ముందే చెప్పడానికి కారణం, ఈ ఆట ఆడేవాళ్లలో సొంత పేరుతో మీ ముందుకు వచ్చి మాట్లాడినవారు మీకు బహుశా ఇంతవరకు కనిపించి ఉండరు. పత్తాలాడేవాడికి పిల్లనెవరిస్తారనే మాట వింటూ పెరిగినవాళ్లం, మా సిగ్గు మాకుంటుంది.

మా గురించి రెండుసార్లు చట్టం మారింది, రెండుసార్లూ మమ్మల్ని ఎవరూ అడగలేదు. మొదటిది 2017లో. నైపుణ్యంతో ఆడే ఆటలకు మన రాష్ట్రపు 1974 నాటి గేమింగ్ చట్టంలో ఉన్న మినహాయింపును ఆ ఏడాది జూన్, జూలై నెలల్లో ఆర్డినెన్సుల ద్వారా తొలగించి, సైబర్ స్పేస్‌ను కూడా పేకాట స్థావరాల నిర్వచనంలోకి తెచ్చారు. శాసనసభ ముందుకు ఆ విషయం తర్వాత వచ్చింది. రెండోది 2025లో. ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును ఆగస్టు 20న లోక్‌సభలో ప్రవేశపెట్టి ఆ రోజే ఆమోదించారు, మరునాడు రాజ్యసభ ఆమోదించింది, 22న రాష్ట్రపతి సంతకం అయింది. ఏ స్థాయీ సంఘానికీ పంపలేదు. మా దగ్గర పాసుపుస్తకంలో ఒక అక్షరం దిద్దించుకోవడానికి అంతకన్నా ఎక్కువ రోజులు తిరగాలి.

ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక విచిత్రం కనిపిస్తుంది. నైపుణ్యమా, అదృష్టమా అని చూడకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించిన కేంద్ర చట్టం, ఆట నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పెట్టింది గానీ, ఆడినవాడికి శిక్ష పెట్టలేదు. ఆడేవారు బాధితులని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. మన రాష్ట్ర చట్టంలో మాత్రం ఆడినవాడూ నేరస్థుడే. ఒకే మనిషి, ఒకే ఫోన్, ఒకే రాత్రి ఆడిన ఆట. ఢిల్లీ లెక్కలో అతను బాధితుడు, హైదరాబాద్ లెక్కలో ముద్దాయి. అప్పుల పాలైనవాడు పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఫలానా యాప్ నన్ను మోసం చేసిందని ఫిర్యాదు ఇవ్వాలంటే, ముందు తాను నేరం చేశానని ఒప్పుకోవాలి. ఇక ఫిర్యాదు ఎవరిస్తారు? ఈ ఒక్క వైరుధ్యాన్ని సరిచేయడానికి మీరు ఢిల్లీ వైపు చూడనక్కరలేదు. పందాలు, జూదం రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 34వ అంశం; 1974 నాటి చట్టాన్ని సవరించే అధికారం మన శాసనసభకే ఉంది.

నైపుణ్యం అనే మాట కంపెనీలవాళ్లు ప్రకటనల కోసం కనిపెట్టిందని చాలామంది అనుకుంటారు. ఆ మాటకు మూలం మన సికింద్రాబాద్‌లో ఉంది. 1963లో అక్కడి ఒక క్లబ్బులో పైసలు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకుని, నిజాం కాలపు హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెడితే, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు ముక్కలాట వంటిది పూర్తిగా అదృష్టం మీద నడిచేది గానీ, పడిన ముక్కలను గుర్తుపెట్టుకుని, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవలసిన రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమేనని 1967 నవంబరులో కోర్టు చెప్పింది. దేశంలో ఈ విషయం మీద నడిచిన ప్రతి వాదంలోనూ ఆ తీర్పును ఎత్తి చూపుతారు. ఆ తీర్పు పుట్టిన గడ్డ మీదే 2017లో రమ్మీకి ఆ మినహాయింపు పోయింది. అయితే అదే తీర్పు, ఆట నడిపేవాడు దాని మీద లాభం చేసుకుంటుంటే సంగతి వేరని కూడా అన్నది. మావాళ్లు ఆ రెండో వాక్యాన్ని చదవరు.

పోకర్ విషయంలో కోర్టులే ఒక మాట మీద లేవు. గుజరాత్ హైకోర్టు 2017లో దాన్ని అదృష్టపు ఆట అన్నది. మద్రాసు హైకోర్టు 2023 నవంబరులో రమ్మీతో పాటు దాన్నీ నైపుణ్యపు ఆటగానే చూసింది. ఆడిన మనిషిగా నాకు తెలిసింది చెబుతాను. ఆటగాడి చేతికి రెండు ముక్కలు వస్తాయి, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు దశలవారీగా తెరుస్తారు, నాలుగుసార్లు పందెం నడుస్తుంది. 52 ముక్కల్లో రెండేసి చొప్పున 1,326 జతలు వస్తాయి; చేతికి రెండు ఆసులు పడేది సగటున 221 ఆటలకు ఒకసారి. మంచి ఆటగాడు ఎక్కువసార్లు చేసే పని ముక్కలు కింద పెట్టేసి ఊరుకోవడం. ఒక్క రాత్రిలో అదృష్టానిదే పైచేయి, సందేహం లేదు. వేల ఆటల మీద లెక్క తీస్తే ఎప్పుడు తప్పుకోవాలో తెలిసినవాడి పుస్తకం వేరుగా, తెలియనివాడి పుస్తకం వేరుగా కనిపిస్తాయి. ప్రతి ఆటలోనూ పోగైన పందెం సొమ్ములోంచి కంపెనీ తన కమీషన్ తీసుకుంటుంది కాబట్టి, మొత్తం ఆటగాళ్లను కలిపి చూస్తే పోగొట్టుకునేవారే ఎక్కువ. ఈ చివరి వాక్యం రాయవద్దని నా స్నేహితుడొకడు చెప్పాడు. రాయకపోతే మీకు అబద్ధం చెప్పినట్టే అవుతుంది.

నష్టం సంగతి నాకు పేపర్లో చదివి తెలిసింది కాదు. మా బంధువుల్లో డిగ్రీ చదివే అబ్బాయి రమ్మీ కోసం లోన్ యాప్‌లలో అప్పు చేస్తే, అది తీర్చడానికి వాళ్ల నాన్న సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఎకరం పొలం అమ్మాడు. ఆ తండ్రి ఎదురైతే నేను ఈ లేఖలో ఒక్క ముక్క కూడా ధైర్యంగా చదివి వినిపించలేను. కానీ ఆ అబ్బాయి ఆడింది 2017 తర్వాత, నిషేధం అమల్లో ఉన్న మన రాష్ట్రంలో, ఫోన్ వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే ఇంకో యాప్ సాయంతో. నిషేధం అతన్ని ఆపలేదు, ఇంట్లో చెప్పుకోకుండా చేసింది. ఇప్పుడు లైసెన్సు, చిరునామా లేని విదేశీ యాప్‌ల లింకులు టెలిగ్రామ్‌లో తిరుగుతున్నాయి. డబ్బు ఎవరో ఒక మనిషి యూపీఐ ఖాతాకు పంపమంటారు, గెలుపు మీద పన్ను కోత లేదు, గెలిస్తే ఇస్తారన్న నమ్మకం లేదు. తమిళనాడు వేరే దారి తొక్కింది: అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదు దాకా ఆట బంద్, ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి అన్న అక్కడి నిబంధనలను 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు సమర్థించింది. మా బంధువుల అబ్బాయి నష్టపోయిందంతా ఆ ఐదు గంటల్లోనే.

నేను నిషేధం ఎత్తివేయమని ఈ లేఖలో అడగడం లేదు. కేంద్ర చట్టం మీద వేసిన పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి బదిలీ చేయించుకుంది, అది అక్కడ తేలవలసిన విషయం. నేను అడిగేది విచారణ. బాధితుడని పేరు పెట్టాక అతని వాంగ్మూలం తీసుకోవాలి కదా. శాసనసభకు వినతుల కమిటీ ఉంది. ఆడి గెలిచినవారిని, ఆడి చితికినవారిని, వాళ్ల భార్యలను, తల్లిదండ్రులను, కేసులు పెట్టిన పోలీసు అధికారులను నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఒక రోజు కూర్చోబెట్టి వినండి. ఆడినవాడికి శిక్ష వేసే నిబంధనను ఆన్‌లైన్ ఆటల వరకైనా సవరించండి. కేంద్రం నిబంధనల మీద రాష్ట్రాల అభిప్రాయం అడిగినప్పుడు, యాప్‌లలో చిక్కుకుపోయిన మా డిపాజిట్ల సంగతి కూడా మీ జవాబులో చేర్చండి. అమెరికాలో 2011 ఏప్రిల్ 15న ప్రభుత్వం పెద్ద పోకర్ సైట్లను మూయించినప్పుడు, వాటిలో ఒక కంపెనీ ఆటగాళ్ల డబ్బును విడిగా దాచలేదని బయటపడింది. ఆ డబ్బు అక్కడివారికి తిరిగి రావడం 2014లో గానీ మొదలు కాలేదు.

ఇక, ఈ లేఖ బహిరంగంగా రాయడానికి కారణం, మీతో పాటు నా తోటి ఆటగాళ్లు కూడా చదవాలని. శాసనసభ్యుడి ఇంటికి వెళ్లడమంటే మన దగ్గర పైరవీ అనే అర్థం స్థిరపడిపోయింది. బదిలీ కోసమో, ఆగిపోయిన బిల్లు కోసమో తప్ప చట్టం గురించి మాట్లాడటానికి వెళ్లవచ్చని మనకు తోచదు. కానీ 1996లో ఇదే నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్న జిల్లా గోడు ఎవరూ వినడం లేదని జల సాధన సమితి పిలుపుతో నామినేషన్లు వేస్తే, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా అచ్చు వేయవలసి వచ్చింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. వాళ్ల కష్టంతో మన కష్టాన్ని పోల్చుకుంటే నోరు రాదు. మనది సరదా, వాళ్లది తాగే నీళ్లు. అడిగే పద్ధతి మాత్రం ఈ జిల్లాకు కొత్త కాదని గుర్తు చేస్తున్నాను.

తోటి ఆటగాళ్లారా, కంపెనీలు వాట్సాప్‌లో పంపే ఒకే నమూనా వినతిపత్రం కింద పేరు మార్చి పంపకండి. అది ఆటగాడి గొంతు కాదని చదివేవారికి మొదటి వరుసలోనే తెలిసిపోతుంది. వాళ్ల ప్రయోజనం, మన ప్రయోజనం కొంత దూరం కలిసి నడిచి, కమీషన్ దగ్గర విడిపోతాయి. మీ సొంత శాసనసభ్యుడికి, పార్లమెంటు సభ్యుడికి ఒక్క పేజీ రాయండి. ఏ ఊరో, ఎన్నేళ్లు ఆడారో, ఎంత గెలిచారో, ఎంత పోయిందో, ఎంత పన్ను కట్టారో రాయండి. పోయింది దాచి గెలిచింది మాత్రమే రాస్తే ఎవరూ నమ్మరు. ఏ చట్టం కింద ఏమి మార్చమంటున్నారో ఒక వాక్యంలో చెప్పండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ ఇచ్చి రశీదు తీసుకోండి.

మంత్రి గారూ, ఈ లేఖ ప్రతిని నల్లగొండ కలెక్టరేట్ ప్రజావాణిలో కూడా ఇస్తున్నాను. మీ కార్యాలయానికి పంపిన ప్రతిలో నా పేరు, చిరునామా, ఓటరు కార్డు నంబరు, మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల నకళ్లు జతచేశాను. వినతుల కమిటీ పిలిస్తే సెలవు పెట్టుకుని వస్తాను. ఒప్పుకుంటే, పొలం అమ్మిన మా బంధువును కూడా వెంటబెట్టుకుని వస్తాను. ఆయన నాకు వ్యతిరేకంగా మాట్లాడినా సరే.

ఇట్లు,
భవదీయుడు,
మిర్యాలగూడ ఓటరు