ఏ ఇంటర్‌ఫేస్ కొనాలని అడిగావుగా

సాలిగ్రామం, చెన్నై

అమ్మడూ,

మైకుని లాప్‌టాప్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ డబ్బాలవి నువ్వు పంపిన మూడు ఫోటోలూ చూశాను. "ఏది కొనను నాన్నా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. మైకు ఇన్‌పుట్లు రెండున్నది కొను. ఎందుకో చెప్పడానికి ఉత్తరం రాస్తున్నాను, ఫోన్లో అయితే సగం వినకముందే సరే సరే అంటావు.

నీ మనసు ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో మీద ఉన్నట్టుంది. ఎర్రగా ముద్దుగా ఉంది, ధరా తక్కువే. మంచిదే, కాదనను. కానీ దానికి ఇన్‌పుట్లు రెండున్నా మైకు పట్టేది ఒక్కటే, రెండోది గిటారుకో కీబోర్డుకో. నువ్వు పాడతావు, నీ రూమ్మేట్ వయొలిన్ వాయిస్తుంది. ఇద్దరూ కలిసి రికార్డు చేసుకోవాలనేగా ఈ తాపత్రయమంతా? ఒకే మైకు ముందు ఇద్దరూ కూర్చున్నాక వయొలిన్ కాస్త తగ్గిద్దామంటే కుదరదు, నీ గొంతూ దాంతోపాటే తగ్గుతుంది. అదే కంపెనీది టూ ఐ టూ అయితే రెండు మైకులు పడతాయి. మోటూ ఎం టూ, బెరింగర్ యూఎంసీ 202 హెచ్‌డీ కూడా అంతే. ఎనిమిది ఇన్‌పుట్లది మాత్రం వద్దు, మీ మారతహళ్ళి గదిలో ఎనిమిది మైకులు పెట్టడానికి చోటెక్కడ?

షాపువాడు ముందుగా 192 కిలోహెర్ట్జ్ అని ఊదరగొడతాడు, అంటే సెకనుకి శబ్దాన్ని 1,92,000 సార్లు కొలుస్తుందని. పట్టించుకోకు. మనిషి చెవికి వినపడేదే మహా అయితే 20,000 హెర్ట్జ్ దాకా. దానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ వేగంతో శాంపిల్ తీస్తే చాలు, అందుకే సీడీకి 44,100 పెట్టారు. వీడియోలకు 48,000 వాడతారు, నువ్వూ అదే పెట్టుకో. 192 పెడితే ఫైలు నాలుగింతలు అవుతుంది తప్ప నీ కాంభోజి బాగుపడదు. ఒక్కో శాంపిల్‌ని ఎంత సూక్ష్మంగా కొలుస్తుందో చెప్పే బిట్ల లెక్క మాత్రం 24 ఉండాలి. అదుంటే లెవెల్ తక్కువలో పెట్టుకుని రికార్డు చేసినా ఇబ్బంది లేదు. నువ్వు తారస్థాయికి వెళ్లినప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్, అదే మైకు శబ్దాన్ని పెంచే నాబు, పెట్టు. ఎర్ర లైటు వెలిగిందంటే ఆ ముక్క పోయినట్టే, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

అసలు తలనొప్పి లేటెన్సీ. నువ్వు పాడింది మైకులోంచి లాప్‌టాప్‌లోకి వెళ్లి, మళ్లీ హెడ్‌ఫోన్లోకి వచ్చేసరికి కొంత ఆలస్యమవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో బఫర్, అంటే ఒక్కో విడతకి పోగేసే శాంపిళ్లు, 1024 అని ఉంటే, 48,000 దగ్గర పోవడానికే 21 మిల్లీసెకన్లు, రావడానికి మళ్లీ అంత. శబ్దం గాలిలో మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. అంటే నీ గొంతు నీకే 14 మీటర్ల అవతలి నుంచి వినిపిస్తున్నట్టు. అలా వింటూ ఎవరైనా పాడతారా? గమకం సాగిపోతుంది, తాళం వెనకపడుతుంది, రోజు బాగాలేదనుకుని లేచిపోతావు. బఫర్ 128కి దించితే ఒక్కో దిక్కుకి మూడు మిల్లీసెకన్ల లోపే. అయితే అంత వేగం మీ పాత లాప్‌టాప్ తట్టుకోలేకపోతే చిటపటలు మొదలవుతాయి.

అందుకే డైరెక్ట్ మానిటర్ అనే బటనో నాబో ఉన్నదే తీసుకో. దాంతో నీ గొంతు కంప్యూటర్ దాకా పోకుండా డబ్బాలోంచే నేరుగా చెవికొస్తుంది. మేం టేపు మీద రికార్డింగులు చేసిన రోజుల్లో ఈ బాధే లేదు, పాడినవాళ్లకి మిక్సింగ్ కన్సోల్ నుంచి అప్పటికప్పుడే వినపడేది. హెడ్‌ఫోన్లో కాస్త రివర్బ్, అదే పెద్ద హాల్లో పాడినట్టుండే మోత, లేనిదే నోరు విప్పని గాయకులుండేవాళ్లు, అది వేరే సంగతి!

డ్రైవర్ సంగతి కూడా చూడాలి. మీది విండోస్ కాబట్టి కంపెనీ సొంతంగా ఏషియో డ్రైవర్, అంటే ఈ ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్, ఇస్తోందా, ఇప్పటికీ దాన్ని అప్‌డేట్ చేస్తోందా అన్నది వాళ్ల వెబ్‌సైట్లో చూసుకో. చవకరకాల్లో కొన్నింటికి సొంత డ్రైవర్ ఉండదు. మ్యాక్ వాళ్లకి ఈ గొడవ చాలావరకు లేదు. మీ ఆఫీసులో ఎవరో ఫైర్‌వైర్ అనే పాతరకం పోర్టుకి తగిలించే ఇంటర్‌ఫేస్ సగం ధరకి ఇస్తానన్నాడని చెప్పావు కదా. దణ్ణం పెట్టి వదిలెయ్. ఆ పోర్టు ఈ కాలపు లాప్‌టాప్‌లకే లేదు.

మైకు గురించి నువ్వు అడగలేదు కానీ చెబుతాను. సన్నని శబ్దాలూ పట్టే కండెన్సర్ మైకుకి ఫాంటమ్ పవర్, అంటే మైకు కేబుల్లోంచే వచ్చే 48 వోల్టుల కరెంటు, కావాలి, అది ఈ డబ్బాలన్నీ ఇస్తాయి. ఆ బటన్ నొక్కేముందు హెడ్‌ఫోన్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించు, లేకపోతే టప్పుమని చెవిలో పేలుతుంది. అయితే మీ గదికి కండెన్సర్ ఎందుకో నాకు నచ్చడం లేదు. వాటర్ ట్యాంకరు, పక్కింటి కుక్కర్ విజిల్, గోడల మోత అన్నీ పట్టేస్తుంది. ష్యూర్ ఎస్ఎం 58 లాంటి డైనమిక్ మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని పాడితే చాలావరకు నువ్వే వినపడతావు. అది 1966 నుంచి వస్తోంది, ఇంకా స్టేజీల మీద అదే. దానికి గెయిన్ ఎక్కువ కావాలి కనక ఇంటర్‌ఫేస్‌కి 55 డెసిబెల్స్ అటూఇటూగా ఉందో లేదో చూడు. మిగిలిన డబ్బుతో తలుపు సందుకి రబ్బరు పట్టీ, కిటికీకి మందపాటి కర్టెన్ కొను. తంబురా యాప్ స్పీకర్లో పెట్టుకోవద్దు, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లో పెట్టుకో. లేదంటే అది మైకులోకి దూరిపోయి, తర్వాత ఎక్కడ కత్తిరించినా ఆ అతుకు తెలిసిపోతుంది.

మీ బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దొరికే ఎస్పీ రోడ్డుకి వెళ్తే లాప్‌టాప్ కూడా పట్టుకెళ్లు, అక్కడే తగిలించి చూడు. ఇక్కడి రిచీ స్ట్రీట్‌లో నేనైతే అలాగే చేస్తాను. ఏదీ కదపకుండా గెయిన్ పెంచి హెడ్‌ఫోన్లో విను. బుయ్యిమని హమ్ వస్తే లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడు. ఆగిపోతే తప్పు డబ్బాది కాదు, కరెంటుది. యూఎస్‌బీ హబ్‌లో గుచ్చకు, నేరుగా లాప్‌టాప్‌కే పెట్టు. బిల్లు, మన దేశపు వారంటీ లేకుండా ఎంత తగ్గించినా తీసుకోకు.

సాఫ్ట్‌వేర్‌కి ఇప్పుడే డబ్బు పెట్టకు. డబ్బాతోపాటు ఏదో ఒకటి ఇస్తారు, అది నచ్చకపోతే రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు.

సగం డబ్బు నేను వేస్తాను. మీ అమ్మ మాత్రం వయొలిన్ అమ్మాయి కూడా ఎంతో కొంత వేసుకోవాలంటోంది, అది మీరిద్దరూ తేల్చుకోండి. మొదటి రికార్డింగ్ వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలా పంపకు, అది కుదించేస్తుంది, నాకేమీ తెలియదు. వేవ్ ఫైలు డ్రైవ్‌లో పెట్టి లింకు పంపు. రివర్బ్ వెయ్యకుండా.

మీ నాన్న