కత్తెర పెట్టే ముందు

చిన్నీ,

నీ ఆర్కిడ్ ఫోటో పెద్దది చేసి మరీ చూశాను. ఊదారంగు రేకుల మీద ఆ తెల్ల చారలు ఎవరో తడి కుంచె విదిలించినట్టున్నాయి. అందంగానే ఉంది, కాదనను. కానీ పిలకలు విడదీసి స్నేహితులకు పంచుతానన్నావు చూడు, ఆ పని మాత్రం కొన్నాళ్లు ఆపు.

ఎండ ఎక్కువై రంగు వెలిసిందేమో అన్నావు. వేడికి, పూలకు ఊదారంగునిచ్చే ఆంథోసయనిన్ తక్కువ తయారవుతుంది, నిజమే. అలాంటప్పుడు కాడ మీది పూలన్నీ ఒకే తీరుగా పాలిపోతాయి, ఇలా చారలు పడవు.

జన్యువుల ఆటా అయ్యుండొచ్చు. మొగ్గ తయారయ్యేటప్పుడు ఒక్క కణంలో రంగు జన్యువు పనిచేయడం మానేసినా, దాని నుంచి పుట్టే కణాలన్నీ తెల్లగానే ఉంటాయి. గీత గీసినట్టు సగం తెలుపు, సగం ఊదా ఉండే పూలు అలాగే వస్తాయి. చోటు మార్చుకునే జన్యుభాగాలు కూడా ఉంటాయి. మొక్కజొన్న గింజల మీది మచ్చలు గమనిస్తూ వాటి సంగతి బయటపెట్టింది బార్బరా మెక్లింటాక్ అనే అమెరికా శాస్త్రవేత్త. చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు పాపం, నోబెల్ 1983లో గానీ రాలేదు. హార్లెక్విన్ ఫాలెనాప్సిస్ అనే రకం ఆర్కిడ్ పూల ముదురు మచ్చల వెనకా అలాంటి భాగమే ఉంది.

నీ పువ్వు ఆ కోవలోదైతే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కానీ రెండో పువ్వులో చారలు మరోలా ఉన్నాయి, రేకు అంచు కూడా కొంచెం ముడుచుకుంది. అది చూశాకే వైరస్ అనుమానం వచ్చింది. ఒడొంటోగ్లాసం రింగ్‌స్పాట్, సింబిడియం మొజాయిక్ అని రెండున్నాయి. ఆర్కిడ్లు పెంచేవాళ్లందరికీ వీటి భయమే. కత్తెరకు అంటిన రసంతో కూడా ఒక మొక్క నుంచి ఇంకోదానికి పాకుతాయి. మందు లేదు.

ఒకప్పుడు నేనూ ఇలాంటి చారల పువ్వు చూసి మురిసిపోయి, అదే కత్తెరతో వరసగా ఆరు కుండీల్లో ఎండిన కాడలు కత్తిరించాను. తర్వాత వాటిలో నాలుగు పారేయాల్సి వచ్చింది. మీ అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ప్రస్తుతానికి ఆ కుండీని విడిగా పెట్టు. కారిన నీళ్లు పక్క కుండీల్లో పడనివ్వకు. ఆకుల్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని పసుపు గీతలు, గుంట మచ్చలు ఉన్నాయేమో చూడు. లేకపోయినా నిశ్చింతగా ఉండకు, వైరస్ ఉన్నా ఆకులు నవనవలాడుతూ కనిపించొచ్చు. టెస్ట్ స్ట్రిప్ దొరుకుతుంది, ఒకటి తెప్పించు. చిన్న ఆకు ముక్క నలిపితే నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ ముక్కను కొత్త బ్లేడుతో కోసి, బ్లేడు పారేయి.

ఫలితం రాగానే ఫోన్ చెయ్యి, రాత్రయినా సరే.

మీ నాన్న